పాతిక కిలోమీటర్లు దగ్గరైన అత్తారిల్లు

హైదరాబాదులో మా ఇంటి గేటు నుంచి విజయవాడలో మా అత్తారింటి గేటుకి 275 కిలోమీటర్లు. పెళ్లయినప్పటి నుంచీ పండక్కీ పబ్బానికీ తిరుగుతున్న దారే, ఒకటీ అరా అటూ ఇటూ అయిందేమో గానీ మారింది లేదు. మొన్న సంక్రాంతికి వెళ్లి కారాపి చూస్తే మీటరు 250 దగ్గరుంది.

"చూశారా అత్తయ్యగారూ, డ్రైవింగంటే ఇదీ!" అన్నాను. ఎలా తగ్గిందో నాకూ తెలీదు. ఆవిడ మర్యాదస్తురాలు. "దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చారేమో బాబూ" అన్నారు.

అసలు సంగతి కారు కిందే ఉంది. పండక్కి నెల ముందు మా బావమరిది వచ్చి, నా చిన్న కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "బావా, పుల్లల్లాంటి కాళ్ల మీద బొజ్జ మనిషిని నిలబెట్టినట్టుంది. చక్రాలు మార్చెయ్" అన్నాడు. వాడికి తెలిసిన టైర్ల షాపులో ఎవరి కారు నుంచో ఊడదీసిన అల్లాయ్ వీల్స్ ఉన్నాయిట. టైరు సైజులో ఆర్ పక్కనుండేది రిమ్ము అంగుళాలు. నావి 145/80 ఆర్13. వాడు తగిలించినవి 165/80 ఆర్14. "ఒక్క అంగుళమే కదా బావా" అన్నాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల ఎక్కడో గర్రుమనేది. అదీ సెట్ అయిపోతుందన్నాడు.

అక్కణ్ణుంచి మైలేజీ పడిపోయింది. లీటరుకి 20 ఇచ్చే బండి 18 దాటనంది. బంకు మీద అనుమానం వచ్చి, ఐదు లీటర్ల కొలత డబ్బా తెమ్మని పట్టుబట్టాను. వెనక బళ్లన్నీ హారన్లు మోగిస్తుంటే ఆ కుర్రాడు ఓపిగ్గా కొట్టి చూపించాడు. పెట్రోలు సరిగ్గా గీత దగ్గర నిలబడింది. నాకే ఎక్కడ నిలబడాలో తెలీలేదు.

తర్వాత చలానా వచ్చింది, 1035 రూపాయలు. 80 బోర్డున్న చోట 89లో వెళ్లానట, ఫోటోతో సహా. ఇక్కడ నా సిద్ధాంతం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. కారు స్పీడోమీటరూ అంతే. ఉన్న వేగం కన్నా తక్కువ చూపించకూడదని నిబంధన కాబట్టి కంపెనీవాళ్లు కాస్త ఎక్కువే చూపేట్టు పెడతారు. నా బండిలో 85 అంటే నిజానికి 81కి కాస్త లోపే. ఆ ధైర్యంతోనే బోర్డు దగ్గర ముల్లు 85 మీద పెట్టి హుందాగా పోతుంటాను.

మెకానిక్ కింద కూర్చుని చక్రం ఓసారి చూసి నవ్వాడు. "సార్, మీటరు రోడ్డు చూడదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది, అంతే. మీరు కాళ్లు మార్చారు గానీ అడుగు పొడుగైందని దానికెవరు చెప్పారు?"

బావమరిది చెప్పిన అంగుళం రిమ్ముది మాత్రమే. రబ్బరుతో కలిపి కొలిస్తే చక్రం ఎత్తు 562 మిల్లీమీటర్ల నుంచి 620కి పెరిగింది, పదో వంతు. కిలోమీటరుకి 566 చుట్లు తిరగాల్సింది 514తో సరిపెట్టుకుంటోంది. మీటరు మాత్రం పాత లెక్కే అప్పజెబుతోంది. ముల్లు 85 అంటే బండి 89. పెట్రోలు 275 కిలోమీటర్లకి తాగి, లెక్క 250కి చెబుతోంది. పాపం, బంకు కుర్రాడు!

బావమరిదికి ఫోన్ చేసి కడిగేశాను. వాడు చలించలేదు. "మంచి వైపు చూడు బావా. అమ్మేటప్పుడు బండి పదో వంతు తక్కువ తిరిగినట్టు కనబడుతుంది!" పక్కనుంచి మా ఆవిడ ఫోను లాక్కుని, తోడబుట్టినవాడన్న మొహమాటం కూడా లేకుండా మిగతాది పూర్తి చేసింది.

పాత చక్రాలు షాపులోనే ఉన్నాయి కాబట్టి, పైన కొంత ముట్టజెప్పి మళ్లీ బిగించుకున్నాను. ఉగాదికి వెళ్లి కారు దిగగానే అత్తగారు గుమ్మంలోంచే అడిగారు.

"ఈసారి ఎంతొచ్చింది బాబూ?"

"275 అండీ."

"అయ్యో, మళ్లీ దూరమైపోయామా!"