కుందేలు ఐదు కిలోలా? మేలో పాలమూరుకొచ్చి తూచండి

కుందేళ్ల ఫారం పెడదామనుకునే వాళ్లంతా ముందుగా అడిగేది ఏ జాతి ఎక్కువ బరువొస్తుందనే. పిల్లల్ని అమ్మేవాళ్లు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటారు. న్యూజిలాండ్ వైట్ 4 నుంచి 5 కిలోలు, సోవియట్ చించిల్లా ఇంచుమించు అంతే, కాలిఫోర్నియన్ కాస్త తక్కువ, ఫ్లెమిష్ జెయింట్ అయితే ఆరు దాటుతుందని గడగడా అప్పజెప్పేస్తారు. అబద్ధమేం కాదు. కానీ అవన్నీ పూర్తిగా ఎదిగిన కుందేళ్ల బరువులు. మాంసానికి పెంచేవాడు అమ్మేది మూడు నెలల పిల్లని.

అందుకే చూడాల్సింది పన్నెండో వారం బరువు, ఆ బరువుకి ఖర్చయిన దాణా. మన దేశంలో బాగా మేపితే న్యూజిలాండ్ వైట్ అప్పటికి 2 కిలోల దగ్గరుంటుంది. జెయింట్ ముందు ఎముక పెంచుకుంటుంది, కండ పట్టేది ఆ తర్వాతే, అప్పటిదాకా దాణా బిల్లు మనదే. పైగా ఒక్క జాతిలోనే పిల్లకీ పిల్లకీ ఎంత తేడా! తల్లి మామూలుగా రోజుకి ఒక్కసారే, అదీ కొన్ని నిమిషాలే పాలిస్తుంది. ఈతలో నాలుగు పిల్లలుంటే గుండ్రంగా తయారవుతాయి, తొమ్మిదుంటే చివరిది చర్మం ముడతలు పడి గూటి మూలన ఉంటుంది. ఈతలో పిల్లలెన్నో చెప్పకుండా ఈ జాతి గొప్పా ఆ జాతి గొప్పా అంటే దాన్ని లెక్క అనరు.

పెద్ద జాతి మగదాన్ని క్రాసింగ్‌కి వాడితే పిల్లలు త్వరగా పెరుగుతాయని కొందరి వాదన. ఒప్పుకుంటా, కానీ అవి తింటేనే కదా పెరిగేది?

అసలు విషయం ఎండ. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితే మేత తగ్గిస్తుంది, 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది, మగవి కొన్ని వారాలు జత కట్టడానికి కూడా పనికిరావు. మేలో మిర్యాలగూడ, దేవరకొండ వైపు 43, 44 మామూలే. తడి గోనెపట్టాలు కట్టిన రేకుల షెడ్డులో మధ్యాహ్నం చూడండి, దాణా గిన్నె నిండుగా ఉంటుంది, కుందేలు బోనులో బారుగా పడుకుని రొప్పుతుంటుంది. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాది కేంద్రం కుందేళ్ల మీద పనిచేసేది కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో. అక్కడి చలిగాలిలో వచ్చే బరువుని నల్లగొండ రైతు బ్యాంకు లోను కాగితాల్లో రాసుకుంటే ఏమవుతుంది?

మన దగ్గర పశుపోషణ పథకాలన్నిటికీ ఇదే జబ్బు. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైంది, 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలూ ఒక పొట్టేలూ, వాటినీ పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. ఇక్కడి గడ్డికీ ఎండకీ తట్టుకునే దక్కని గొర్రె కళ్లముందే ఉన్నా లెక్కలోకి ఎందుకు రాలేదు? కుందేళ్లలోనైనా రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీ వాళ్లు నాలుగు జాతుల్నీ పాలమూరులో ఒకే షెడ్డులో, ఒకే దాణాతో, మార్చి నుంచి జూన్ దాకా పెంచి వారం వారం తూచి, ఆ బరువులు ఊళ్లలో చదివి వినిపించాలి. అప్పటిదాకా ఫ్లెమిష్ జెయింట్ జతకి అడ్వాన్స్ కట్టకండి.