సవరణ: డి రాయ్టర్‌కి ఏడు ఫిరంగులే

డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) కోసం నేను అల్లిన ఊహా నౌకాదళంలో డి రాయ్టర్ అనే క్రూజర్ యుద్ధనౌకకి 150 మిల్లీమీటర్ల ఫిరంగులు ఎనిమిదని రాశాను. తప్పు, ఏడే. ముందు ఒక జంట టరెట్ (రెండు ఫిరంగులున్న తిరిగే గూడు), దాని వెనకే కాస్త ఎత్తులో ఒంటి ఫిరంగి, ఓడ వెనక భాగంలో రెండు జంటలు. ఆ ఒంటిదాన్నీ జంట కింద లెక్కేశాను. బొమ్మ ఎదురుగా పెట్టుకుని మరీ!

ఇంకోటి దీనికన్నా పెద్దది. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్రంలో జపాన్‌తో జరిగిన పోరులో డచ్ అడ్మిరల్ డోర్మన్‌కి తోడుగా మూడు బ్యాటిల్‌క్రూజర్లను (క్రూజర్లకన్నా పెద్ద యుద్ధనౌకలను) దింపేశాను. ఆ డిజైన్‌కి జర్మన్ల సాంకేతిక సాయం కావాలి; 1940 మేలో ఆ జర్మన్లే నెదర్లాండ్స్ మీద పడ్డారు. ఒక్క ఓడకీ పని మొదలవలేదు. ఊహలోనైనా అవి వేళకి జావా దీవిలోని సురబాయ నౌకాస్థావరం చేరాలంటే నిర్ణయం చాలా ముందే జరగాలి. ఆ లెక్క మళ్లీ వేస్తున్నాను. అందాకా జావా, డి రాయ్టర్, ట్రాంప్ క్రూజర్లతోనే సరిపెట్టుకోండి.