సన్మానాల జూలై, రక్తం దొరకని మే

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. అయినా మన పట్టణాల్లో ఫంక్షన్ హాళ్లకు బేరాలు ఆగవు. రోటరీ, లయన్స్ క్లబ్బులకు కొత్త ఏడాది జూలై ఒకటిన మొదలవుతుంది కాబట్టి ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ల ప్రమాణ స్వీకారాలు ఆ నెలంతా సాగుతూనే ఉంటాయి. మెడలో కాలర్, కోటుకు పిన్ను, శాలువాలు, బొకేలు, మెమెంటోలు, గంట కొట్టడం, ఆఖర్న భోజనాలు. మర్నాడు జిల్లా పేజీలో కుట్టు మిషన్ అందుకుంటున్న మహిళ, ఆమె చుట్టూ పద్నాలుగు మంది నిలబడ్డ ఫొటో.

ఆ భోజనాల మీద జోకులు వేయడం తేలిక. నేను వేయను. ఏడాదికోసారి పెద్ద విందు చేసి, వారం వారం కూర్చుని తినే చిన్న భోజనాన్ని ఎత్తేశారన్నదే నా అభియోగం. ఫెలోషిప్పు అని వాళ్లు పిలుచుకునే ఆ గంటన్నర కూడికే క్లబ్బు చేసే సేవకు ఇంజను. దాన్ని ఊడదీసి బండికి రంగులు వేసుకుంటున్నారు.

ఎదుటివాళ్ల మాట తెలిసిందే. డబ్బున్నవాళ్ల కాలక్షేపం, వ్యాపార పరిచయాలకు సేవ అనే ముసుగు, ఆ ప్లేటు ఖర్చేదో నేరుగా అనాథాశ్రమానికి ఇవ్వొచ్చుగా! ఇందులో సగం నిజం. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ మరో ముగ్గురితో కూర్చున్నప్పుడు వాళ్ల మనసులో స్నేహంతో పాటు వ్యాపారమూ ఉంది. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు గనకే రోటరీ అన్న పేరు. ఊరికి పబ్లిక్ మరుగుదొడ్డి కావాలని నగరపాలకుల వెంటపడింది ఆ తర్వాత రెండేళ్లకు. ముందు పరిచయం, తర్వాత పని. చెక్కు రాసి పంపడానికి క్లబ్బు అక్కర్లేదన్నది ఒప్పుకుంటాను. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే లేచి వచ్చే మనిషి మాత్రం చెక్కుకు దొరకడు. వారం వారం పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నవాడి ఫోనుకైతే లేస్తాడు.

రక్తదానం సంగతే చూద్దాం. ప్రతి క్లబ్బూ చేసే పని, చాలా క్లబ్బులు తలకిందులుగా చేసే పని. కొత్త ప్రెసిడెంటు వచ్చిన వారంలో ఒక శిబిరం, ఆగస్టు 15కి ఒకటి, నాయకుడి పుట్టినరోజుకు ఇంకొకటి. అదే రోజు పక్క క్లబ్బూ, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లూ, పార్టీ యువజన విభాగమూ తలా ఒకటి. నూటయాభై యూనిట్లు సేకరించామని బ్యానర్. రక్తం బీరువాలో దాచుకునే సరుకు కాదు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో పెట్టినా, సంచిలో వాడిన ద్రావణాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే 20-24 డిగ్రీల దగ్గర ఆపకుండా ఊపుతూ ఉంచినా అయిదు రోజులే. ఆగస్టు 15న ఇచ్చింది సెప్టెంబరు దాటదు. మే నెలకు కాలేజీలు సెలవులు, ఎండలకు శిబిరాలు బందు. బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర "డోనర్‌ను తెచ్చుకోండి" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

ఒంట్లో రక్తం సరిగా తయారవని తలసీమియా జబ్బున్న పిల్లలకు ఆగస్టు, మే తేడా తెలియదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వాళ్లకు రక్తం ఎక్కాల్సిందే. మూడు వారాలనుకుంటే ఏడాదికి పదిహేడు సార్లు. సారికి ఒక్క యూనిట్ చాలుననుకున్నా పదిహేడు యూనిట్లు. మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు గడవనిదే మళ్లీ ఇవ్వకూడదు. అంటే మగ దాత ఏడాదికి నాలుగు సార్లు ఇవ్వగలడు, కాగితం మీద అయిదుగురు సరిపోతారు. కానీ ఒకడికి జ్వరం, ఒకడు ఊళ్లో లేడు, ఒకడికి హిమోగ్లోబిన్ 12.5 కన్నా తగ్గింది, ఇంకొకడు నిరుడు దసరాకు పచ్చబొట్టు వేయించుకున్నాడు, ఏడాది ఆగాలి. అన్నీ కలుపుకుంటే ఒక్క పిల్లవాడి వెనక ఎనిమిది మంది నిలబడాలి. వాడు పెరిగేకొద్దీ ఒక్క యూనిట్ చాలదు, ఆ ఎనిమిది పదహారవుతుంది.

ఇప్పుడు క్లబ్బు వైపు చూడండి. నలభై మంది సభ్యులనుకుందాం. ఎక్కువమందికి యాభై దాటాయి. అరవై అయిదు దాటినవాళ్లు ఇవ్వకూడదు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అసలే ఇవ్వకూడదు. కాబట్టి సభ్యుడి పని చాచిన చేతిలో సూదితో ఫొటో దిగడం కాదు, పేర్లు పట్టుకుని ఉండడం. ఒక్కొక్కరి దగ్గర పది పేర్లు: షాపులో కుర్రాళ్లు, మేనల్లుడి స్నేహితులు, పాత స్టూడెంట్లు, క్లినిక్కుకు వచ్చే మెడికల్ రెప్పులు. మొత్తం నాలుగు వందలు. 90 రోజులంటే దాదాపు 13 వారాలు. వారానికి ముగ్గురు సభ్యుల వంతు వేస్తే 13 వారాల్లో క్లబ్బంతా ఒక చుట్టు తిరుగుతుంది. వారానికి ముప్పై పేర్లు, అందులో సగం మంది రాకపోయినా, వచ్చినవాళ్లలో కొందరిని పరీక్షలో ఆపేసినా పది, పన్నెండు యూనిట్లు. ఆ లెక్క ఏడాది పొడవునా నడిస్తే బ్లడ్ బ్యాంకుకు ఏ వారం ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. మే నెలలో కూడా.

వారపు మీటింగు లేకుండా ఇది నడవదు. "ఈ వారం వంతు ఎవరిది, ఎందరు వెళ్లారు?" అని నలుగురి మధ్య అడిగితేనే సిగ్గు పని చేస్తుంది. వాట్సాప్‌లో అడిగితే బొటనవేలు బొమ్మ వస్తుంది, మనిషి రాడు.

రిజిస్టరు గురించి రెండు మాటలు. పేరు, గ్రూపు, బరువు, కిందటిసారి ఇచ్చిన తేదీ, ఉండే వీధి, రాత్రి ఫోన్ ఎత్తుతాడా లేదా. ఈ ఆఖరి గడి చాలామంది పెట్టరు, అసలు విలువ దానిదే. బరువు ఎందుకంటే 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్ల సంచి, 55 దాటితేనే 450. ఆడవాళ్ల పేర్లు నాలుగు నెలల వరసలో వేరే పేజీలో రాయాలి. నెగెటివ్ గ్రూపుల వాళ్లను వారపు వంతులో పంపకూడదు. మన దగ్గర నూటికి అయిదుగురు అటూఇటూగా ఉంటారు వాళ్లు. నాలుగు వందల్లో ఇరవై మంది, అందులో ఓ నెగెటివ్ ఏ కొద్దిమందో. శిబిరంలో ఉత్సాహంగా అందరి చేతా ఇప్పించేస్తే, పక్క వారం కాన్పు గదిలోంచి కబురొచ్చినప్పుడు ఆ కొద్దిమందీ తొంభై రోజుల గడువులో చిక్కుకుని ఉంటారు. వాళ్లను పిలుపు కోసమే దాచాలి.

శిబిరమే పెట్టాలంటే ముందు లైసెన్సున్న బ్లడ్ బ్యాంకును అడగాలి: ఏ వారం కావాలి, ఏ గ్రూపులు తక్కువగా ఉన్నాయి, ఎన్ని సంచులు తెస్తారు. బ్యానర్ ఆర్డర్ ఇచ్చాక అడగడం కాదు. ఒక మంచం మీద గంటకు ముగ్గురికి మించి లెక్క వేసుకోవద్దు. షామియానా కింద కాదు, ఫ్యాన్లున్న హాల్లో పెట్టాలి. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది టిఫిన్ చేయకుండా పరగడుపున వచ్చినవాళ్లు, మొదటిసారి ఇచ్చేవాళ్లు. టిఫిన్ తిన్నారా అని నమోదు బల్ల దగ్గరే అడగాలి, ఇచ్చాక పావుగంట కూర్చోబెట్టాలి. ముఖ్య అతిథి వచ్చేదాకా మొదలుపెట్టొద్దని దాతలను ఎండలో నిలబెట్టడం అనే ఆచారం ఒకటుంది. దాన్ని తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఇదే జబ్బు మంచినీళ్ల ప్లాంట్లకూ పట్టింది. ప్రకాశం, నల్లగొండ జిల్లాల ఫ్లోరైడు కథ మళ్లీ చెప్పక్కర్లేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించిన సమస్య అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. క్లబ్బులు ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టాయి, మంచిదే. శిలాఫలకం మీద ప్రెసిడెంటు పేరుంటుంది, ఫిల్టరు ఎవరు మారుస్తారో ఉండదు. మట్టిని ఆపే కార్ట్రిడ్జి కొన్ని నెలలకే పూడుకుపోతుంది. ధార తగ్గిందని ఆపరేటర్ దాన్ని తీసి పక్కన పెడతాడు. ఆ మట్టీ ఉప్పూ ఫ్లోరైడును వడగట్టే పొర, అంటే మెంబ్రేన్ మీద పేరుకుంటాయి. రెండు మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్ ఏడాదిలో పోతుంది. కొత్తది కొనే డబ్బు ఏ పద్దులోనూ ఉండదు, ఎందుకంటే ప్లాంటు పెట్టిన ప్రెసిడెంటు దిగిపోయాడు. ఇంకొకటి, జేబులో పట్టే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్నే చూపుతుంది, ఫ్లోరైడును విడిగా చూపదు. అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివనుకోవడం పొరపాటు, ఫ్లోరైడుకు వేరే పరీక్ష చేయించాలి. ప్లాంటు వడగట్టి వదిలేసిన నీటిని పక్క బావిలోకి పారించడం మరీ ఘోరం. తీసేసిన ఫ్లోరైడు చిక్కబడి మళ్లీ ఊరి భూమిలోకే పోతుంది. క్యాన్‌కు తీసుకునే రూపాయల్లోంచి ఆపరేటర్ జీతం, కరెంటు బిల్లు పోగా మెంబ్రేన్‌కంటూ నెలనెలా వేరే ఖాతాలో వేయని ప్లాంటు ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పడానికి జాతకం అక్కర్లేదు.

శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సులదీ అంతే. ఊరికి నిజంగా అక్కరకొచ్చే వస్తువు అది, అమెరికా నుంచి కొడుకు దిగేదాకా ఆధారం అదే. మూత చుట్టూ రబ్బరు చిరిగితే చలి నిలవదు, స్టెబిలైజర్ లేకుండా పల్లె కరెంటుకు తగిలిస్తే కంప్రెసర్ కాలిపోతుంది. తిరిగొచ్చిన రోజునే తుడిచి, రబ్బరు చూసి, రాసి పెట్టుకునే మనిషి కావాలి. లయన్స్‌లో గంట, బ్యానర్ల దగ్గర్నుంచి క్లబ్బు ఆస్తులను చూసుకోవడానికి లయన్ టేమర్ అని ఒక పదవే ఉంది. చాలాచోట్ల అది సెక్రటరీ పదవి రానివాడిని బుజ్జగించే బిరుదైపోయింది. నన్నడిగితే ప్రెసిడెంటు కన్నా ముందు అతన్ని ఎన్నుకోవాలి, మూడేళ్లు కదపకూడదు.

ఒక్క పనిని ఏళ్ల తరబడి పట్టుకుంటే ఏమవుతుందో రోటరీకే తెలుసు. 1985లో పోలియో పట్టుకున్నారు. ఏటా ప్రెసిడెంట్లు మారారు, పని మారలేదు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరి 13న హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువీకరణ. చుక్కలు వేసింది ప్రభుత్వ సిబ్బందే. కానీ బూత్ దగ్గర టేబుల్, ఐసు, పిల్లల్ని పిలుచుకొచ్చే మనిషి చాలా ఊళ్లలో క్లబ్బు నుంచి వచ్చారు.

మరి వారపు మీటింగు ఎందుకు చచ్చిపోయింది? ఒకప్పుడు రోటరీలో హాజరు పట్టింపు. ఈ వారం రాలేకపోతే పక్క ఊరి క్లబ్బుకు వెళ్లి ఆ హాజరు భర్తీ చేసుకోవాలి, దాన్నే మేకప్ అనేవారు. 2016లో నియమాలు మార్చే వాళ్ల కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ నెలకు రెండుసార్లు కలిసినా చాలునని వెసులుబాటు ఇచ్చింది. యువత కోసం అన్నారు. మన దగ్గర ఆ రెండూ ఒకటైంది, ఆ ఒకటి క్లబ్బుల జిల్లా గవర్నర్ విజిట్ అయింది. లయన్స్‌లో ఆలస్యంగా వచ్చినవాడి చేత, టెయిల్ ట్విస్టర్ అనే పదవిలో ఉన్నవాడు జరిమానా కట్టించే సరదా పోయింది, డబ్బాలో పడే ఆ చిల్లరా పోయింది.

నా అసలు బాధ ఇంకా వెనకుంది. మన పట్టణంలో తనవాడు కాని మనిషితో కూర్చుని తినే చోటు ఏది? కార్తీకం వస్తే ఉసిరి చెట్టు కింద వనభోజనాలు. ఏ కులానికి ఆ కులం బ్యానర్, ఆ కులం తోట, ఆ కులం ఎమ్మెల్యే ముఖ్య అతిథి. మిగిలిన కూడికలు పార్టీలవి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టిన రోజుల్లో గ్రంథాలయాలు ఆ లోటు కొంత పూడ్చాయి. చందా కట్టిన సభ్యులే పుస్తకాలు కొని, దుమ్ము దులిపి, సభలు పెట్టారు. ఇప్పుడు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టేసి ఊరుకుంటున్నాం. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరు ఉండాలన్న రోటరీ పాత నియమం మన దేశంలో అనుకోకుండా ఒక మేలు చేసింది. బట్టల షాపాయన, డాక్టరు, కాంట్రాక్టరు, లెక్చరరు ఒకే బల్ల మీద తిన్నారు, ఇంటిపేరు అడగకుండా.

అలాగని ఆ బల్ల చుట్టూ ఊరంతా ఉందని చెప్పను. అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చేదాకా ఆడవాళ్లనే రానివ్వని సంస్థ అది. ఇప్పటికీ మన క్లబ్బుల జాబితాలో ఆటో యూనియన్ నాయకుడు, ఏఎన్‌ఎం నర్సు, మున్సిపల్ పంపు ఆపరేటర్ కనపడరు. రక్తం లిస్టుకు పేర్లు కావాలంటే ఆటో స్టాండుకు మించిన చోటు లేదు. మోటారు సంగతి పంపు ఆపరేటర్‌కు తెలిసినంత కాంట్రాక్టరుకు తెలియదు. వాళ్లను రానివ్వనిది ఎంట్రన్సు ఫీజు, హోటల్ ప్లేటు. ఫీజు నెలసరి చేసి, మీటింగును హోటల్ నుంచి స్కూలు గదికి మార్చి, ఇడ్లీ, ఉప్మా పెడితే ఆ అడ్డు చాలావరకు పోతుంది. అప్పుడు మంగళవారం సాయంత్రం ఏడున్నరకు రిజిస్టరు తెరిచి ఆ వారం ముప్పై పేర్లు చదివితే, కనీసం పది పేర్ల దగ్గర "మా స్టాండు కుర్రాడే, నేను తీసుకొస్తా" అనే గొంతు వినపడుతుంది.