నగిషీల కన్నా ఆ కిటికీయే

విక్టోరియన్ ఇళ్ల, అంటే పందొమ్మిదో శతాబ్దంలో విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్‌లో కట్టిన ఇళ్ల, ఆకర్షణంతా నగిషీల్లోనే ఉందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. లండన్‌లో అలాంటి, పక్కింటితో గోడ కలిసిన వరుస ఇంట్లో ఆరేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. మమ్మల్ని కట్టిపడేసింది ముందుగదిలో వీధివైపు పొడుచుకొచ్చిన బే కిటికీ. మూడు వైపులా అద్దాలే. జనవరి మబ్బుల్లోనూ మధ్యాహ్నం దాకా దీపం వేయనక్కర్లేదు. బ్రిటన్‌లో గాజు మీద సుంకం 1845లో, కిటికీల పన్ను 1851లో ఎత్తేశారు. మామూలు కుటుంబాల ఇళ్లకూ పెద్ద అద్దాలు రావడానికి అదొక ముఖ్య కారణం. ఈ సంగతి రాయకపోవడం లోటే.

పైకీ కిందికీ జరిగే ఆ కిటికీ చట్రం లోపల, గిలక మీదుగా వచ్చే తాడుకు, కిటికీ బరువుకు సరితూగేలా ఇనుప దిమ్మ వేలాడుతుంది. అచ్చం మన నూతి గిలకే! పోయిన చలికాలంలో ఒక రాత్రి తాడు తెగి దిమ్మ దబ్బున పడింది. దొంగలనుకుని ఇల్లంతా లేచాం. కొత్త తాడు వేయించాక కిటికీ రెండు వేళ్లతో ఎత్తినా లేస్తోంది.

చలి మాటకొస్తే, ఈ ఇంటి గోడల లోపల చలిని అడ్డుకునే ఖాళీ పొర లేదు. గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇల్లు మారదామని మా ఆవిడ అన్నప్పుడల్లా, కిటికీ దగ్గరి ఆ కుర్చీ ఎక్కడ వేస్తావని అడుగుతాను.