రేటింగ్ పడిపోద్దంట!

అమెరికాలోని మేరీల్యాండ్ మాంట్‌గోమరీ కౌంటీలో స్కూలుకీ స్కూలుకీ ఉన్న తేడా మీద మీ వ్యాసం బాగుంది కానీ తప్పంతా ఫండింగ్ మీదకి నెట్టేశారు. ఇక్కడ కౌంటీ మొత్తానికీ ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్ అండీ, అయినా డబ్బున్నోళ్లుండే పొటోమాక్ బడి వేరు, మామూలోళ్లుండే గేథర్స్‌బర్గ్ బడి వేరు, ఎందుకంటే జోనింగ్, అంటే ఎక్కడ ఎలాంటి ఇల్లు కట్టొచ్చో చెప్పే రూల్, ఇల్లెక్కడో బడీ అక్కడే కదా. పొటోమాక్‌లో చాలా చోట్ల రెండెకరాలకి ఒక్క ఇల్లే కట్టాలి, ఇక బస్ డ్రైవర్ అక్కడ ఎలా ఉంటాడు చెప్పండి. 1974 నుంచి పెద్ద వెంచర్లలో కొన్ని ఇళ్లు తక్కువ రేటుకి ఇవ్వాలని రూల్ ఉంది, వాటిలో కొన్ని కౌంటీ హౌసింగ్ వాళ్లే కొని పేదలకి అద్దెకిస్తారు. 2010లో హెదర్ ష్వార్ట్జ్ అనే పరిశోధకురాలు ఆ ఇళ్ల పిల్లల్ని పోల్చి చూస్తే, పేదరికం తక్కువున్న స్కూళ్లలో పడ్డోళ్లు ఎలిమెంటరీ అయ్యేసరికి లెక్కల్లో బాగా ముందుకొచ్చారు, కౌంటీ ఎక్స్‌ట్రా డబ్బు పోసిన స్కూళ్లలో ఉన్న అలాంటి పిల్లల కంటే కూడా.

మొన్న ఇదే కౌంటీలోని మా జర్మన్‌టౌన్ వాట్సాప్ గ్రూప్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల మాట రాగానే ఒకాయన "స్కూల్ రేటింగ్ పడిపోద్ది" అని స్క్రీన్‌షాట్ పెట్టాడు, ఎర్రగీత గీసి మరీ. ఆయనే వచ్చిన కొత్తలో టూ బెడ్రూంలో నలుగురితో సర్దుకున్నోడు, ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి లెండి.