గాయని డానా రాజకీయ జీవితానికి రెండు వాక్యాలేనా?

ఐరిష్ గాయని డానా రోజ్‌మేరీ స్కాలన్‌పై వచ్చిన ఒక పరిచయ వ్యాసం, 1970లో ఆమ్‌స్టర్‌డామ్ వేదికగా ఐర్లాండ్‌కు యూరోవిజన్ పాటల పోటీలో తొలి విజయం సాధించిపెట్టిన ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నగరపు 18 ఏళ్ల విద్యార్థినిని చక్కగా పరిచయం చేసింది కానీ, ఆమె రాజకీయ జీవితాన్ని ఆ కీర్తికి కొనసాగింపుగా చూపి రెండు వాక్యాల్లో ముగించడం సమంజసంగా లేదు. ఐర్లాండ్ అధ్యక్ష పదవికి పోటీ చేయదలచిన కొత్తవారిని 20 మంది పార్లమెంటు సభ్యులైనా, 4 స్థానిక కౌన్సిళ్లైనా ప్రతిపాదించాలి. 1937 నాటి రాజ్యాంగంలో ఉన్నా అప్పటివరకూ ఎవరికీ అక్కరకు రాని ఆ రెండో మార్గాన్ని, ఏ పార్టీ అండా లేకుండా 1997లో మొదట సాధించింది ఆమే. మేరీ మెకలీస్ గెలిచిన ఆ ఎన్నికలో మూడో స్థానంలో నిలిచి, 1999లో కనాక్ట్-అల్‌స్టర్ నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా యూరోపియన్ పార్లమెంటులో అడుగుపెట్టారు.

గర్భస్రావాన్ని వ్యతిరేకించే ఆమె వైఖరితో నాకు ఏకీభావం లేదు. అయినా 2002 ప్రజాభిప్రాయ సేకరణలో గర్భస్రావ నిబంధనలను కఠినం చేసే ప్రభుత్వ రాజ్యాంగ సవరణ, గర్భస్థ శిశువుకు తొలిదశలో రక్షణ ఇవ్వదన్న కారణంతో, తన సహజ మిత్రులైన కాథలిక్ మతపెద్దలనే కాదని ఆమె దానిని వ్యతిరేకించారు. సవరణ అతి స్వల్ప తేడాతో వీగిపోయింది. 2004లో యూరోపియన్ పార్లమెంటు స్థానాన్ని ఆమె కోల్పోయారు, 2011 అధ్యక్ష పోటీ కూడా ఫలించలేదు. వ్యాసకర్త ఆ 2002 ఘట్టాన్ని తప్పక చేర్చవలసింది.