తెల్లపొగ గారికి బహిరంగ అర్జీ

మహారాజశ్రీ తెల్లపొగ గారి సముఖానికి,

విజయనగరం, శ్రీకాకుళం డాబాల మీద మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు పెట్టుకుని కూరగాయలకు పొగ పట్టించేవాళ్లందరి తరఫున రాసుకుంటున్న అర్జీ.

ముందుగా తమరి వైభవానికి జోహార్లు. తమరు వేంచేస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. పక్క డాబా మీద ఆరేసిన చీరలకూ తెలుస్తుంది. "ఏటి బావూ, ఏటి తగలబెడతన్నావు?" అని కింద నుంచి కేక వినబడుతుంది. ఫోన్లు బయటికొస్తాయి, వీడియోకి లైకులు పడతాయి. ఆ తరవాత వంకాయ నోట్లో పెట్టుకున్నవాడి మొహం మాత్రం ఎవరూ వీడియో తీయరు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. తమరు మాత్రం నిప్పు సరిగ్గా లేని చోటికే వస్తారు. గాలి చాలక, మండలేక కర్ర కుములుతుంటే సగం కాలిన తారు తుంపరలు, నీటి ఆవిరి కలిసి తెల్లగా లేస్తాయి. చల్లగా, తడిగా ఉన్న తొక్క కనబడితే చాలు, దాని మీద చేరి చేదైపోతారు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన కూరగాయలంటే తమరికి మరీ ఇష్టం. అందుకే వాటిని గంట ముందే బయటపెట్టి, తడి తుడిచి, పల్చగా నూనె రాస్తున్నాం. అసలు రుచి తెచ్చేది తమరి వెనకాల వచ్చే సన్నటి నీలిపొగ. ఎండకి ఎదురుగా నిలబడి చూస్తే గానీ కనబడదు పాపం, దానికి లైకులెవరు కొడతారు?

తమరికి స్వాగత తోరణాలు కట్టేది మావాళ్లేలెండి. కర్రముక్కల్ని నానబెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎండిన మామిడి ముక్కలోకి గంటలో నీళ్లెంత దిగుతాయి? పైపైన తడుస్తుంది, ఆ తడి ఆవిరైపోయేదాకా తమరి ఊరేగింపే. బాగా ఆరిన మామిడి గానీ జామ గానీ బొటనవేలంత ముక్కలు మూడు నాలుగు వేస్తే ఒక వాయికి సరిపోతుంది. ఉద్దానం కొబ్బరి చిప్పలైతే బొగ్గు చేసినవి వాడాలి. పచ్చి చిప్పలేస్తే తమరు సకుటుంబంగా దిగుతారు. పలాసలో జీడితొక్కలు గుట్టలుగా ఉన్నాయి కదా అని తెచ్చేవాళ్లకి దండం. ఆ తొక్కలోని నూనె చేతికంటితేనే బొబ్బలెక్కుతుంది, దాని పొగ కళ్లకీ గొంతుకీ పడదు. ప్లైవుడ్డు, రంగేసిన తలుపు చెక్కలు అసలే వద్దు. రాజేయడానికి కిరసనాయిలు పోస్తే ఆ కంపు టమాటాలోనే తేలుతుంది. గుప్పెడు ఎండు కొబ్బరి పీచు చాలు.

ఇంకో స్వాగతం, మూత మీది గాలి కన్నాలు పూర్తిగా మూసేయడం. పొగ బయటికి పోతే వృథా అని వాళ్ల బెంగ. లోపల నిలిచిన పొగ మూతకి మసిగా పట్టి, చల్లబడి, నల్లటి బొట్లుగా టమాటాల మీద రాలుతుంది. పై కన్నాలు తెరిచే ఉండాలి, మూత తిప్పి అవి నిప్పు లేని పక్కనున్న కూరగాయల పైకి వచ్చేలా పెట్టాలి. వేడి తగ్గించాలంటే కింది కన్నం కాస్త మూయాలి.

మాంసం వండేవాళ్లని చూసి 110 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచేవాళ్ల సంగతీ చెప్పాలి. కూరగాయలో మాంసంలోలాగా నెమ్మదిగా కరగాల్సిన కొలాజెన్ అనే గట్టి మాంసకృత్తు లేదు. కాయని పట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురులాంటి పదార్థం, అది మెత్తబడాలంటే కాయ లోపల 85 డిగ్రీలు దాటాలి. వేడి తక్కువైతే అక్కడికి చేరేలోపే నీరంతా పోయి వంకాయ చెప్పుతోలులా తయారవుతుంది. మేం 150 దగ్గర పెడతాం. అదీ కూరగాయ ఉన్న జాలీ దగ్గర కొలిచి. మూత మీది థర్మామీటరు ముల్లు చెప్పేది పైనున్న గాలి సంగతి.

కిలో బొగ్గు రాజేసి, అంచులు బూడిద కట్టాక ఒక పక్కకి నెట్టి, కాయలు రెండో పక్కన పెడతాం. వంకాయకి నాలుగైదు చోట్ల కత్తిమొన దించాలి, లేకపోతే పేలుతుంది. ముప్పావుగంట పొగ పట్టాక చివర్లో సరాసరి నిప్పు మీదికి జరిపి తొక్క మాడిస్తే పచ్చిపులుసుకి సిద్ధం. సగానికి కోసిన టమాటా కోసిన వైపు పైకి పెడితే రసం కారిపోదు, దానికీ ఇంచుమించు అంతే సమయం. ఉల్లిపాయకి ఇంకాస్త ఎక్కువ. కందని మాత్రం ముందే చింతపండు నీళ్లలో ఉడికించాలి, దాని దురద పొగకి లొంగదు.

అన్నట్టు, తమరి తమ్ముడు కార్బన్ మోనాక్సైడు తమరిలా ఆర్భాటం చేయడు. రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం తీసే వాడి భయంతోనే వంటగదిలో, మూసిన వరండాలో బొగ్గు రాజేయం.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. కర్రముక్క వేసిన తొలి పది నిమిషాలూ తమరివే. పై కన్నంలోంచి ఎంత దర్జాగానైనా వెళ్లండి. వంకాయలు అప్పటిదాకా పళ్లెంలోనే ఉంటాయి.

ఇట్లు,
డాబా మీది పొగరాయుళ్లు